పాత టాటామొబైల్ పికప్: వేడెక్కాక ఐడిలింగ్ పడిపోతుంటే స్క్రూ జోలికి పోయే ముందు చూడాల్సినవి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బండి 1996 టాటామొబైల్ 206, కూరగాయల లోడ్ కొడుతున్నారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ముప్పై నలభై కిలోమీటర్లు లోడ్‌తో నడిపి టోల్ గేటు దగ్గర ఆపగానే స్పీడు పడిపోయి ఇంజిన్ ఆగిపోతుంది. మెకానిక్ స్క్రూ తిప్పి రేసు పెంచాడు. దాంతో పొద్దున ఇంజిన్ అరుస్తోంది, ఫస్ట్ గేర్ కరకరమంటూ పడుతోంది, అయినా వేడి మీద అప్పుడప్పుడూ ఆగిపోతూనే ఉంది. వేడి మీద తిరిగి స్టార్ట్ చేయాలంటే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. ఐడిలింగ్ అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే స్పీడు; దాన్ని పెట్టే ఐడిల్ స్క్రూ ఎంత తిప్పితే సరిపోతుందని మీ ప్రశ్న.

పావు తిప్పు చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. కానీ మీ బండి జబ్బు ఆ స్క్రూలో లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక పడిపోవడం, వేడి మీద స్టార్ట్ కాకపోవడం, ఈ రెండూ జంటగా వస్తే నా చూపు ముందు డీజిల్ పంపు మీదకే పోతుంది. ఎందుకో చెప్తాను, అప్పుడు ఏ స్క్రూ ఎందుకు తిప్పుతున్నామో మీకే తెలుస్తుంది.

మీ బండిలో ఉన్నది 483 డీఎల్ ఇంజిన్. పేరులోనే లెక్క ఉంది: నాలుగు సిలిండర్లు, 83 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). మొత్తం 1948 సీసీ. దాని మీద ఉండే పంపు మైకో వాళ్ల వీఈ రకం రోటరీ పంపు. మైకో పేరు 2008లోనే బాష్‌గా మారింది గానీ మన షెడ్లలో ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. ఇందులో నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకటే ప్లంజర్, అంటే డీజిల్‌ను నెట్టే కడ్డీ. అది తిరుగుతూ, ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ, ఒక్కో పైపుకు వంతులవారీగా డీజిల్ పంపిస్తుంది. ఐడిలింగ్ 750 (నిమిషానికి 750 చుట్లు) ఉందనుకోండి, నాలుగు సిలిండర్లకూ కలిపి నిమిషానికి 1500 సార్లు డీజిల్ కొట్టాలి. ఒక్కోసారి వెళ్ళేది కొన్ని ఘనపు మిల్లీమీటర్లే, చుక్కలో చిన్న భాగం. ప్లంజర్‌కూ దాని బోరుకూ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. ఏళ్ళ తరబడి దుమ్మూ నీళ్ళూ కలిసిన డీజిల్ తాగి ఆ సందు కాస్త పెరిగిందంటే, కొట్టిన డీజిల్లో కొంత వెనక్కి జారిపోతుంది. పెద్ద రేసులో ఆ నష్టం తెలీదు, ఎందుకంటే అక్కడ పంపించేదీ ఎక్కువ, జారిపోవడానికి సమయమూ తక్కువ. ఐడిలింగ్‌లో, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం ఉన్నదే కొంచెం, అందులో ఇంత పోతే ఇంజిన్‌కు మిగిలేది చాలదు. డీజిల్ వేడెక్కేకొద్దీ పల్చబడుతుంది కాబట్టి వేడి మీద జారుడు ఇంకా ఎక్కువ. చల్లటి పూట చిక్కటి డీజిల్ ఆ అరుగుదలను కప్పేస్తుంది, అందుకే పొద్దున అంతా బాగున్నట్టు ఉంటుంది.

ఇక ఐడిల్ స్క్రూ చేసే పని. పంపు లోపల స్పీడును అదుపు చేసే గవర్నర్ ఉంటుంది. తిరిగే బరువులు డీజిల్ తగ్గించే వైపు తోస్తాయి, స్ప్రింగు పెంచే వైపు లాగుతుంది, రెండూ సమానమైన చోట స్పీడు నిలబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పంపు మీది లివర్ వచ్చి ఆనుకునే ఆధారమే ఐడిల్ స్క్రూ. దాన్ని లోపలికి తిప్పితే లివర్ కాస్త ముందే ఆగుతుంది, స్ప్రింగు మరికాస్త బిగుతుగా ఉంటుంది, స్పీడు పెరుగుతుంది. అంతకు మించి దానికి ఏ శక్తీ లేదు. స్పీడు తగ్గుతుంటే డీజిల్ పెంచమని గవర్నర్ ఎలాగూ అడుగుతూనే ఉంటుంది, ఇవ్వలేకపోతున్నది ప్లంజర్. ఈ పరిస్థితిలో స్క్రూ బిగిస్తే, ప్లంజర్ బాగా పనిచేసే చల్లటి పూట అరుపు పెరుగుతుంది, పనిచేయలేని వేడి పూట ఆగడం ఆగదు. మీ బండిలో జరిగింది అచ్చంగా ఇదే.

అయితే పంపు అని తేల్చేసి విప్పించేయకండి. అది ఖర్చుతో కూడిన పని. అంతకంటే చవకగా దొరికే దొంగలు కొందరున్నారు, ముందు వాళ్ళని పట్టుకోండి.

మొదటిది గాలి. ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న దారి పీల్చే వైపు. అక్కడ లీకు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద తడి లేదని లీకు లేదనుకోవడానికి వీల్లేదు. పంపులోకి వెళ్ళే పైపు దగ్గర ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి బండి నడపండి. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటి రెండు బుడగలు వచ్చి పోతే ఫర్వాలేదు. ఐడిలింగ్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి పీలుస్తున్నట్టే. ఫిల్టర్ హౌసింగ్ రబ్బరు రింగు, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్, రాగి వాషర్లు, ట్యాంకు దగ్గర గట్టిపడిన రబ్బరు పైపు, ఇవీ నేను చూసే వరస. రాగి వాషర్లు ఒకసారి విప్పితే కొత్తవి వేయండి. పాతవాటినే తిరగేసి బిగించే అలవాటు వల్ల ఎన్ని బళ్ళు పంపు షాపు దాకా పోయాయో చెప్పలేను.

ఇక్కడే ఒక చిన్న సంగతి, చాలామందికి తెలియనిది. పంపు నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్ళే పైపు బోల్టు మీద అవుట్ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. దానిలో సన్నటి రంధ్రం ఉంటుంది, పంపు లోపలి ఒత్తిడి నిలబడేది దాని వల్లే. లోపలికి వచ్చే పైపు బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ దాని రంధ్రం పెద్దది. ఎవరైనా ఫిల్టర్ పని చేస్తూ ఈ రెంటినీ అటూ ఇటూ మార్చి బిగించారంటే ఇంజిన్ పనితీరే మారిపోతుంది, ఎంత వెతికినా కారణం దొరకదు. ఒకసారి మీ కళ్ళతో చూడండి. ఆ సన్న రంధ్రంలో చెత్త అడ్డుపడ్డా ఇబ్బందే.

రెండోది యాక్సిలరేటర్ కేబుల్. ఇంజిన్ ఆపి, పంపు దగ్గర లివర్‌ను చేత్తో తెరిచి వదలండి. టక్కున వచ్చి స్క్రూకు ఆనాలి. కేబుల్ బిగుతుగా ఉండి లివర్ స్క్రూను తాకకుండానే ఆగిపోతుంటే, మీరు స్క్రూ ఎంత తిప్పినా ఐడిలింగ్‌ను శాసించేది కేబులే. కాలి కింద మ్యాటు పెడల్‌కు అడ్డుపడటం, రిటర్న్ స్ప్రింగు సాగిపోవడం, కేబుల్ లోపల తుప్పు, ఇవన్నీ ఇదే కోవ. పెడల్‌కు కొద్దిగా లూజు ఉండాలి.

మూడోది సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్. ఒక నాజిల్ కారుతున్నా, సరిగా చిమ్మకపోయినా ఐడిలింగ్‌లో ఇంజిన్ కుంటుతుంది. ఐడిలింగ్‌లో ఒక్కో పైపు నట్టును నాజిల్ దగ్గర అర తిప్పు వదిలి చూస్తారు. స్పీడు పడిపోతే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, ఏ మార్పూ లేకపోతే అదే చచ్చిన సిలిండర్. ఇది తెలిసినవాళ్ళతోనే చేయించండి. కళ్ళద్దాలు, చేతికి తొడుగులు, నట్టు మీద గుడ్డ తప్పనిసరి. నాజిల్ పైపులో ఒత్తిడి వంద బార్లు దాటి ఉంటుంది, ఆ ధార చర్మంలోకి దిగితే పైకి చిన్న చుక్కలా కనబడినా లోపల కండరం కుళ్ళిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

వణుకునూ స్పీడునూ కలిపేయకండి. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోతే 750 దగ్గర క్యాబిన్ అంతా వణుకుతుంది, 950కి పెంచితే ఆగుతుంది. అప్పుడు డ్రైవరుకు ఐడిలింగ్ తక్కువైందనే అనిపిస్తుంది. రబ్బర్లు మార్చాల్సిన చోట రేసు పెంచి పంపేస్తారు. అలాగే పొద్దున తెల్లపొగతో కుంటుతూ ఒక నిమిషంలో సర్దుకుంటే అది హీటర్ ప్లగ్గుల పని, దానికీ స్క్రూకూ సంబంధం లేదు.

ఇవన్నీ బాగున్నాయని తేలితే అప్పుడు తడిగుడ్డ పరీక్ష. బాగా లోడ్ మీద నడిపి, సమస్య వచ్చే వేడికి తెచ్చి, ఇంజిన్ ఆపేయండి. స్టార్ట్ చేసి చూడండి, మొరాయిస్తుంది. అప్పుడు పంపులో నాలుగు పైపులు బయటికి వచ్చే తలభాగం మీద తడిగుడ్డ చుట్టి, పది నిమిషాల పాటు చల్లటి నీళ్ళతో తడుపుతూ ఉండండి. తర్వాత సెల్ఫ్ కొడితే టపీమని స్టార్టయి, ఐడిలింగ్ కూడా కాసేపు నిలబడిందంటే పంపు హెడ్డు (ఆ తలభాగం), ప్లంజర్ అరిగాయని దాదాపు ఖాయం. రోడ్డు మీద లారీ డ్రైవర్లు ఎప్పటి నుంచో చేసే పనే ఇది. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బకెట్‌తో నీళ్ళు గుమ్మరించకండి. బయటి భాగం ఒక్కసారిగా ముడుచుకుని, తిరుగుతున్న ప్లంజర్ పట్టేయవచ్చు. అల్టర్నేటర్ మీద కూడా నీళ్ళు పడనీయకండి.

డీజిల్‌లో కిరోసిన్ కలిసినా ఇవే లక్షణాలు ఇంకా ఘోరంగా ఉంటాయి, కిరోసిన్ పల్చన కాబట్టి. ఈ మధ్య బంకు మార్చి ఉంటే, ట్యాంకు ఖాళీ చేసి నమ్మకమైన చోట కొట్టించి చూడటం పంపు విప్పడం కన్నా చవక. టూ-టీ ఆయిల్ కలిపితే పంపు బాగుపడుతుందని చెప్పేవాళ్ళు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. అరిగిన ఇనుము మళ్ళీ పెరగదు, అంతే.

పంపు అరిగిందనే తేలితే టెస్ట్ బెంచి (పంపును విడిగా తిప్పి డీజిల్ కొలిచే యంత్రం) ఉన్న షాపులోనే ఇవ్వండి. విజయవాడ ఆటోనగర్ వైపు మీకు అలాంటివి చాలా దొరుకుతాయి. ఇచ్చేటప్పుడు ఒకటి అడగండి: స్టార్టింగ్ స్పీడులోనూ, ఐడిలింగ్‌లోనూ నాలుగు పైపుల్లో వచ్చే డీజిల్ కొలతలు విప్పకముందు ఎంత, బాగుచేశాక ఎంత. కాగితం మీద రాసివ్వమనండి. నిజంగా బెంచి మీద పెట్టినవాడికి అది కష్టం కాదు. పంపు తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ (డీజిల్ కొట్టే సరైన సమయం) డయల్ గేజ్ పెట్టి సెట్ చేయాలి. పాత గుర్తుకు గుర్తు కలిపేస్తే చాలనే మేస్త్రీ అయితే ఇంకొకరిని చూసుకోండి.

ఇప్పుడు స్క్రూ సంగతి. మీ మెకానిక్ తిప్పేశాడు కాబట్టి దాన్ని ఎలాగూ సరైన చోటికి తేవాలి.

మీ బండికి ఆర్‌పీఎం మీటరు లేదన్నారు. చెవితో పెడతాననే మేస్త్రీలు ఉన్నారు, బాగా పెట్టేవాళ్ళూ ఉన్నారు, కానీ 750కీ 900కీ తేడా కొత్త చెవికి తెలీదు. తిరిగే స్పీడు కొలిచే లేజర్ ట్యాకోమీటర్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. క్రాంక్ పుల్లీ మీద వెండిరంగు స్టిక్కర్ ముక్క అంటించి కొలవండి. క్రాంక్ పుల్లీ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, పంపు ఇంజిన్ స్పీడులో సగమే తిరుగుతుంది, అక్కడ కొలిస్తే 375 వస్తుంది. అల్టర్నేటర్ పుల్లీ మీద కొలిస్తే రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. ఇంకొకటి, షెడ్డులో ట్యూబులైటు వెలుతురు స్టిక్కర్ మీద పడితే మీటరు 6000 అని చూపించి మిమ్మల్ని భయపెడుతుంది. కరెంటు దీపం సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది కదా, మీటరు దాన్ని లెక్కపెట్టుకుంటుంది. పగటి వెలుతురులో కొలవండి.

ఎంత ఉండాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఏది రాసుంటే అది. మాన్యువల్ లేకపోతే ఈ తరం నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లు సాధారణంగా 700 నుంచి 850 లోపు ఉంటాయి, నేనైతే 750 నుంచి 800 మధ్య పెట్టి వదులుతాను. మరీ కిందికి దించితే వేడి మీద ఆయిల్ లైటు మిణుకుమంటుంది, ఛార్జింగ్ లైటు వెలుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఈ బళ్ళలో బ్రేకు బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్‌ను అల్టర్నేటర్ వెనకున్న పంపే తయారు చేస్తుంది. స్పీడు తక్కువైతే ట్రాఫిక్‌లో రెండు మూడుసార్లు వరసగా తొక్కేసరికి బ్రేకు గట్టిపడుతుంది. అలాగని పైకి పెంచితే మీరు ఇప్పుడు పడుతున్న గేరు తిప్పలు, ఘాట్‌లో ఇంజిన్ పట్టు తగ్గడం, ఊరికే కాలే డీజిల్.

బండిని నడిపి బాగా వేడెక్కించండి. చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. లైట్లు, ఫ్యాను అన్నీ ఆపేయండి. ఎయిర్ ఫిల్టర్ దాని చోటనే ఉండాలి. లుంగీ కొంగులూ తువ్వాళ్ళూ ఫ్యాన్ బెల్టుకు దూరంగా పెట్టుకోండి.

ఏది ఐడిల్ స్క్రూయో పట్టుకోవడానికి ఇంజిన్ ఆపి ఉండగా ఒకరిని పెడల్ తొక్కమనండి. వదిలినప్పుడు లివర్ ఆనేది ఐడిల్ స్క్రూ. పూర్తిగా తొక్కినప్పుడు ఆనేది గరిష్ఠ స్పీడు స్క్రూ, దానికి వైరుతోనో రంగుతోనో సీలు ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. పంపు వెనక, పైపులు వచ్చే వైపు లాక్‌నట్టుతో ఇంకో స్క్రూ ఉంటుంది, అది ఫుల్‌లోడ్ డీజిల్ స్క్రూ. దాన్ని అసలు ముట్టుకోవద్దు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆ స్క్రూ లోపలికి తిప్పితే పికప్‌తో పాటు ఐడిలింగ్ కూడా పెరుగుతుంది, అందుకని కొందరు దాంతోనే పని కానిచ్చేస్తారు. తర్వాత నల్లపొగ, వేడి, రేసు ఇచ్చి వదిలితే వెంటనే కిందికి దిగకపోవడం. మరీ తిప్పితే ఇంజిన్ చేతిలో ఉండదు. పొల్యూషన్ పరీక్షలో ఇంజిన్‌ను ఐడిలింగ్ నుంచి పూర్తి రేసు దాకా తొక్కి పొగ కొలుస్తారు, మీ పాత బండికి హద్దు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ ఎంత దట్టమో చెప్పే కొలత). ఆ స్క్రూ కదిలిన బండి అక్కడే దొరికిపోతుంది. మీ మెకానిక్ దాన్నీ తిప్పాడేమో చూడండి. లాక్‌నట్టు మీద పాత రంగు పగిలి, స్పానర్ గీతలు తాజాగా మెరుస్తుంటే తిప్పాడనే అర్థం. అప్పుడు మాత్రం ఊహతో వెనక్కి తిప్పే ప్రయత్నం చేయకండి, పంపు బెంచి మీదకి పోవాల్సిందే.

ఐడిల్ స్క్రూ ప్రస్తుతం ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. లాక్‌నట్టు వదులు చేసి, స్క్రూను పావు తిప్పు బయటికి తిప్పండి. ఒకసారి 2000 దాకా రేసు ఇచ్చి వదిలి, పది సెకన్లు ఆగి కొలవండి. రేసు ఇవ్వకుండా తిప్పుతూనే చూస్తుంటే లివర్ జిగటగా ఉన్న బళ్ళలో అబద్ధపు కొలత వస్తుంది. కావలసిన స్పీడు వచ్చే దాకా ఇలాగే కొంచెం కొంచెంగా. చివర స్క్రూను స్క్రూడ్రైవర్‌తో పట్టుకునే లాక్‌నట్టు బిగించండి, బిగించాక మళ్ళీ కొలవండి. బిగించేటప్పుడు ఇరవై ముప్పై మారడం మామూలే.

తర్వాత హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి, బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి చూడండి. కాస్త తగ్గి నిలబడితే సరే. పూర్తి రేసు నుంచి ఒక్కసారి పెడల్ వదిలితే స్పీడు కిందికి దిగి అక్కడే నిలవాలి, ఆగిపోకూడదు. పైకీ కిందికీ ఊగుతూ ఉంటే మళ్ళీ గాలి దగ్గరికే వెళ్ళి చూడండి, గాలి లేకపోతే గవర్నర్ పిన్నులు, లివర్ షాఫ్టు అరిగాయి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద కూడా కొలిచి రాసి పెట్టుకోండి. కొన్ని వీఈ పంపుల మీద చల్లగా ఉన్నప్పుడు స్పీడు పెంచి, వేడెక్కాక దించే మైనపు గొట్టం లాంటి పరికరం, దానికో కేబుల్ ఉంటాయి. మీ దానికి అది ఉంటే వేడెక్కాక ఆ కేబుల్ లూజు కావాలి. కాకపోతే స్క్రూ బయటికి ఎంత తిప్పినా స్పీడు దిగదు.

కింద కామెంట్లలో ఒకరు తన బొలెరో పికప్ కామన్ రైల్ బండికి ఈ స్క్రూ ఎక్కడుందని అడిగారు. ఉండదండీ, అక్కడ ఐడిలింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంది. స్కానర్ పెట్టించండి.

మీరు ఈ వారం చేయగలిగితే నాకు నాలుగు సంగతులు రాయండి: పారదర్శక పైపులో బుడగలు ఉన్నాయా, చల్లగా ఎంత వేడిగా ఎంత కొలిచారు, తడిగుడ్డ పెట్టాక ఏమైంది, పంపు పక్కన రివెట్ చేసిన రేకు మీద ఏ నంబరు ఉంది. ఆ రేకు ఫొటో పెట్టినా చాలు. పంపు విప్పాలో వద్దో అప్పుడు చెప్తాను. ఈలోగా టోల్ గేట్ దగ్గర ఆగినప్పుడు కాలితో కాస్త రేసు పట్టి ఉంచి నెట్టుకురండి, స్క్రూ మాత్రం ఇంకా లోపలికి తిప్పించకండి.